నిన్న గంటసేపు కబుర్లు, ఇవాళ చూసీ చూడనట్టు... నాది బైపోలారా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కాస్త కలుపుగోలు మనిషినే. ట్రైనింగ్‌లోనో, మీటింగ్‌లోనో పక్కన ఎవరు కూర్చున్నా హాయిగా మాట్లాడేస్తాను. మర్నాడు అదే మనిషి లిఫ్టులోనో, రోడ్డు మీదో ఎదురైతే చూసీ చూడనట్టు వెళ్లిపోతున్నానట. నాకు వాళ్లమీద కోపమేమీ ఉండదు. అసలు వాళ్లు ఎదురైన సంగతే తెలియదు. ఈమధ్య మాత్రం ఎవరైనా పలకరించేలా కనిపిస్తే ఫోన్ తీసి తల దించుకుంటున్నాను. మొన్న మా టీమ్‌లో ఒకావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వస్తే ‘కొత్తగా చేరారా?’ అని అడిగేశాను. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. నాకు పొగరని వెనకాల అనుకుంటున్నారు. మా చెల్లెలేమో ‘నీది బైపోలార్, గడియకో మూడ్’ అంటోంది. నిజమేనా? మందులు వాడాలా?
– ఓ పాఠకురాలు

జవాబు: బైపోలార్‌లో మూడ్ గడియకోసారి మారదు. ఈ మాట మీ చెల్లెలికి కూడా చెప్పండి. ఆ జబ్బులో ఉత్సాహం పొంగే దశ తేలికపాటిదైతే కనీసం 4 రోజులు, తీవ్రమైనదైతే కనీసం వారం సాగుతుంది. కుంగుబాటు దశ రెండు వారాలకు తక్కువ ఉండదు. ‘త్వరత్వరగా మారే బైపోలార్’ అని డాక్టర్లం అనేది కూడా ఏడాదిలో నాలుగు, అంతకన్నా ఎక్కువసార్లు దశలు వచ్చినప్పుడే. పైగా ఆ దశల్లో నిద్ర, ఖర్చులు, మాటల వేగం, పని అన్నీ తలకిందులవుతాయి. నిన్న నవ్వి ఇవాళ పలకరించనంత మాత్రాన బైపోలార్ అనుకుంటే మనలో ఎవరూ మిగలరు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది జుట్టు కత్తిరించుకున్న ఆవిడ దగ్గర. రోజూ చూసే మనిషి. జుట్టు మారగానే మీకు కొత్త మనిషి అయిపోయింది. ‘ఎదురైన సంగతే తెలియదు’ అని కూడా రాశారు. పలకరించకపోవడంలో రెండు రకాలున్నాయి: మనిషిని గుర్తుపట్టీ పలకరించలేకపోవడం ఒకటి, అసలు గుర్తుపట్టకపోవడం ఇంకొకటి. బయటివాళ్లకు రెండూ పొగరులాగే కనిపిస్తాయి. మీది రెండోదేమోనని నా అనుమానం. ఉత్తరం చూసి జబ్బు పేరు తేల్చకూడదు కాబట్టి అనుమానం అనే అంటున్నాను.

ముఖాలను గుర్తుపట్టే పనికి మెదడు అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపు, ప్రత్యేకంగా ఒక ప్రాంతం ఉంటుంది. అది కొందరిలో పుట్టుకతోనే సరిగా పనిచేయదు. దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు. 1947లో జర్మన్ న్యూరాలజిస్టు బోడామర్ పెట్టిన పేరు. ఎంతో కొంత మోతాదులో ఇది నూటికి ఇద్దరి దాకా ఉంటుందని అంచనా. కొన్ని కుటుంబాల్లో వరసగా కనిపిస్తుంది. కంటిచూపు, తెలివి, జ్ఞాపకశక్తి అన్నీ బాగానే ఉంటాయి. కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా స్పష్టంగానే కనిపిస్తాయి, కానీ అవన్నీ కలిసి ‘ఫలానా మనిషి’ అవ్వవు. అందుకే వీళ్లు తమకు తెలియకుండానే వేరే ఆనవాళ్లు పట్టుకుంటారు: జుట్టు, నడక, గొంతు, కళ్లజోడు, కూర్చునే సీటు. సీటు దగ్గర కబుర్లు చెప్పిన మనిషి లిఫ్టులో మౌనంగా నిలబడితే ఆ ఆనవాళ్లలో సగం మాయం. మీరు స్నేహం మర్చిపోయినట్టు ఎదుటివాళ్లకు అనిపించేది అక్కడే.

ప్రసిద్ధ న్యూరాలజిస్టు ఆలివర్ సాక్స్‌కు ఈ ఇబ్బంది ఉండేది. ఎదురుగా వస్తున్న గడ్డం మనిషిని ఢీకొనబోయానని క్షమాపణ చెప్పారట, తీరా చూస్తే అది అద్దం! చింపాంజీల మీద జీవితమంతా పరిశోధన చేసిన జేన్ గుడాల్‌కూ ఇదే ఇబ్బంది ఉండేది. ఇద్దరిదీ పొగరు కాదు.

కొన్ని ప్రశ్నలు వేసుకుని చూడండి. సినిమాలో ఒకే యూనిఫాంలో నలుగురుంటే కథ అందకుండా పోతుందా? హీరోయిన్ జడ విప్పి ముడి వేసుకోగానే ‘ఈమె ఎవరు?’ అని పక్కవాళ్లను అడుగుతారా? పాత గ్రూప్ ఫొటోలో మిమ్మల్ని మీరు డ్రెస్సు రంగును బట్టి వెతుక్కుంటారా? మనిషి నోరు విప్పగానే ఎవరో టక్కున తెలుస్తుందా? చిన్నప్పటినుంచీ ఇలాగే అయితే న్యూరాలజిస్టును, వీలైతే న్యూరోసైకాలజిస్టును (మెదడు పనితీరును పరీక్షించే సైకాలజిస్టును) కలవండి. జుట్టు కనిపించకుండా ముఖాలు మాత్రమే చూపించి చేసే పరీక్షలున్నాయి, కేంబ్రిడ్జ్ ఫేస్ మెమరీ టెస్ట్ లాంటివి. అంతకన్నా ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. దూరపు చూపు తగ్గినవాళ్లు అద్దాలు పెట్టుకోక ‘పలకరించని మనిషి’ అనిపించుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక ఫోన్ సంగతి. ‘ఈమధ్య’ అని రాశారు గనక అది తర్వాత వచ్చి చేరిందనుకుంటున్నాను. పదిమందిలో నవ్వులపాలయ్యాక ఎవరికైనా బెరుకు పుడుతుంది. తల దించుకోగానే గండం గడిచినట్టుంటుంది, ఆ హాయికి మనసు అలవాటు పడి మరుసటిసారి ఇంకాస్త ముందే ఫోన్ తీయిస్తుంది. ఎవరైనా ఎదురైతే గుండె దడ, చెమటలు, మనుషులున్న చోటికి వెళ్లడమే మానేయడం నెలల తరబడి ఉంటే అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు. దానికి ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. ముఖాలు గుర్తుపట్టలేకపోవడానికి మాత్రం మందు లేదు. కాబట్టి ఇంటర్నెట్ చూసి మూడ్ మాత్రలు కొనుక్కోవద్దు.

ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. నిన్నటిదాకా గుర్తుపట్టిన మనిషి ఉన్నట్టుండి ఇంట్లోవాళ్లనే పోల్చుకోలేకపోయినా, దానికి తోడు మాట తడబడినా, చూపులో ఒక పక్క కనిపించకపోయినా, తలనొప్పి విపరీతంగా వచ్చినా పక్షవాతం కావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. చెవిన పడేలా పిలిచినా కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, తర్వాత అదేమీ గుర్తులేకపోతే ఫిట్స్‌లో ఒక రకమేమో కూడా చూడాలి. మీ ఉత్తరంలో ఆ ఛాయలు లేవు.

ఈలోగా పరీక్షల కోసం ఆగకుండా చేయగలిగిందొకటుంది. ‘నాకు ముఖాలు త్వరగా గుర్తుండవు, నేను పలకరించకపోతే మీరే పేరు చెప్పి పిలవండి’ అని దగ్గరివాళ్లకు చెప్పేయండి. ఎవరైనా నవ్వితే ఎవరో తెలియకపోయినా తిరిగి నవ్వండి. రెండు మాటలయ్యేసరికి గొంతు వాళ్లెవరో చెప్పేస్తుంది. ముందు ఆ జుట్టు కత్తిరించుకున్న ఆవిడతోనే మాట్లాడండి. అయితే లిఫ్టులో కాదు, ఆవిడ సీటు దగ్గరికి వెళ్లి.