కాసు, క్యాష్, దీనారం

సందేహం: గురువుగారికి నమస్కారం. కువైట్‌లో ఉన్న మా అబ్బాయి ఒక వాట్సాప్ మెసేజ్ పంపించాడు. ఇంగ్లీషు వాళ్ల ‘క్యాష్’ మన ‘కాసు’లోంచే పుట్టిందని అందులో ఉంది. నిజమేనా? వాడి జీతం దీనార్లలో వస్తుంది. అదీ మన మాటేనంటారా?
– ఒక పాఠకురాలు, రాయచోటి

సమాధానం: అమ్మా, ఆ మెసేజ్ నా దాకా కూడా వచ్చింది. పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేద్దును, సగం నిజం కావడమే చిక్కు.

ఇంగ్లీషులో క్యాష్‌లు రెండున్నాయి. ఇవాళ అందరి నోటా ఉన్న క్యాష్ ఫ్రెంచి ‘కెస్’ నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్ ‘కాప్సా’, అంటే పెట్టె. పెట్టె పేరు పోయిపోయి లోపలి డబ్బుకు అంటుకుంది. మన కాసుతో దీనికి చుట్టరికం లేదు. రెండోది మాత్రం కాసే. దక్షిణాది కాసును పోర్చుగీసులు ‘కైషా’ అన్నారు, వాళ్ల నోటి నుంచి ఇంగ్లీషువాళ్లు అందుకున్నారు. మద్రాసులో కంపెనీవారి లెక్క 80 క్యాష్‌లకు ఒక ఫణం, 42 ఫణాలకు ఒక పగోడా, అంటే మన వరహా. 1808 నాటి రాగి నాణెం మీద ఇంగ్లీషులో ఇరవై క్యాష్ అనీ, ఫార్సీలో ‘బీస్త్ కాస్’ అనీ ఉంటుంది. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు అవుననీ, కాదనీ కూడా. ఇక కాసు పుట్టుక సంగతి: తమిళ కన్నడాల్లోనూ ఉంది గనుక ద్రావిడమని కొందరు, సంస్కృత ‘కర్ష’ నుంచి అని కొందరు అంటారు. నేను మొదటి పక్షానికే కాస్త మొగ్గుతాను గాని పందెం కట్టను.

క్యాష్ అనకూడదు, అచ్చతెలుగులో ‘నగదు’ అనాలని పట్టుబట్టేవాళ్లున్నారు. నగదు అరబ్బీ ‘నక్ద్’ నాయనా! వాడుకోండి, తప్పులేదు. అచ్చతెలుగని మాత్రం దబాయించకండి.

అసలు రుచి దీనారంలో ఉంది. మీ అబ్బాయి చేతికొచ్చే దీనార్‌కు మూలం రోమనుల ‘దెనారియస్’. గ్రీకు మీదుగా అరబ్బీలోకి వెళ్లింది. మన దగ్గరికి అరబ్బులు తేనక్కర్లేకపోయింది. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనంలోనే ‘దినారి మాషకాలు’ అనే నాణేలు దానమిచ్చిన మాట ఉంది. ఆ తర్వాత వెయ్యేళ్లు దాటాక, పదిహేనో శతాబ్దంలో మా శ్రీనాథుడు ఏమన్నాడో చూడండి:

దీనార టంకాల తీర్థమాడించితి
దక్షిణాధీశు ముత్యాల శాల

విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువున గౌడ డిండిమభట్టు అనే పండితుణ్ణి ఓడించి కనకాభిషేకం, అంటే బంగారు నాణేలతో స్నానం, పొందిన సందర్భం. రాజు నాకు చేయించాడని అనడు, క్రియ తన మీదే పెట్టుకుంటాడు. పగులగొట్టించితి, పాదుకొల్పితి అంటూ సీసమంతా అదే ధోరణి. అంతటి గర్వాన్నీ మోయడానికి ఆయన ఎంచుకున్నది ఒక రోమను మాట, దాని పక్కన ఒక టంకం. ఆ దీనారాన్ని మనం పరాయిదంటే ఎలాగమ్మా? ఇవాళ్టి శీర్షికల్లో ఏ సినిమాకైనా ‘కాసుల వర్షం’ ఒక్కటే. తీర్థమాడించడం ఎవరికీ తోచదు.

టంకం గురించి కొంచెం. అదీ ఒక నాణెమే. బంగ్లాదేశ్ టాకా ఇదే. నాణేలు పోసే చోటు మనకు టంకశాల, హిందీలో టక్సాల్. కంసాలి అతుకు వేసే టంకం వేరు, దాన్ని ఇందులో కలపకండి.

ఆ ముత్యాల శాల నాటి వైభవం పోయాక, అదే కవి బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడు. కృష్ణ వరదకు కొంత పోయింది, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తిన్నాయి. అప్పుడు మళ్లీ టంకాన్నే తలుచుకున్నాడు: ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు!’