నీళ్లతో కాలాన్ని తూచిన గెలీలియో

ప్రశ్న: సెకన్లు చూపే గడియారం లేకుండా గెలీలియో వస్తువులు పడే తీరును ఎలా కొలిచాడు?

జవాబు: నిటారుగా పడే వస్తువు కంటికి అందదు. అందుకే ఆయన ఆ వేగాన్ని తగ్గించాడు. 12 మూరల చెక్కలో వేలెడు వెడల్పు గాడి తీసి, నునుపు చేసి, లోపల తోలుకాగితం అంటించి, చెక్కను వాలుగా పెట్టి కంచు గుండు దొర్లించాడు. గాడి గరుకైతే రాపిడికి లెక్క చెడుతుంది. అసలు పనితనమంతా ఆ నునుపులోనే ఉంది!

పెద్ద తొట్టి అడుగున సన్నని గొట్టం పెట్టి, గుండు దొర్లినంతసేపూ కారిన నీటిని పట్టి తూచాడు. నీటి బరువే కాలానికి కొలత. నాలుగో వంతు దూరానికి సగం నీళ్లే వచ్చాయి. అంటే కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు. పీసా గోపురం మీంచి బరువులు జారవిడిచాడనే కథకన్నా ఇదే ఆయన అసలు ఘనత. 1638లో లైడెన్‌లో అచ్చయిన పుస్తకంలో ఈ కొలతలు స్వయంగా రాశాడు.