రెసిడెన్సీ రొటేషన్లు ఏ వరసలో పెట్టుకోవాలి అని అడిగిన చెల్లికి

నీకు రెసిడెన్సీ మ్యాచ్‌లో (సీట్లు కేటాయించే పద్ధతి) సీటు వచ్చిందని, రొటేషన్లు (ఒక్కో విభాగంలో కొన్ని వారాల శిక్షణ) ఏ వరసలో పెట్టుకోవాలని అడిగావని చదవగానే నిజంగా చాలా సంతోషమేసింది చెల్లీ. అమెరికాలో ఫార్మసీ చదివినవాళ్ళకే పీజీవై1 (మొదటి ఏడాది రెసిడెన్సీ) సీటు కష్టంగా ఉంటుంటే, మన దగ్గర ఆరేళ్ళ ఫార్మ్‌డీ చేసొచ్చి, విదేశీ ఫార్మసీ చదువుకి ఇక్కడ గుర్తింపునిచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ తెచ్చుకుని, ఇంటర్న్ గంటల కోసం రిటైల్ కౌంటర్లో నెలల తరబడి నిలబడి, వీసా అనగానే వెనక్కి తగ్గే హాస్పిటళ్ళని దాటుకుంటూ ఇంతదాకా రావడం మామూలు విషయం కాదు. నువ్వు అడిగింది రొటేషన్ల వరస గురించి. అది చెప్తా, కానీ దానికంటే పెద్ద సంగతి ఇంకోటుంది, అది కూడా చెప్పాలి, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు వరస. మన ఫార్మ్‌డీ ఇంటర్న్‌షిప్‌లో ఆర్నెల్లు జనరల్ మెడిసిన్, ఇంకో మూడు డిపార్ట్‌మెంట్లలో రెండేసి నెలలు ఉంటాయి కదా, ఇక్కడ చాలా చోట్ల నాలుగు నుంచి ఆరు వారాలకే రొటేషన్ అయిపోతుంది. హమ్మయ్య కుదురుకున్నాం అనుకునేసరికి టీమ్ మారిపోతుంది, నేర్పించే ప్రిసెప్టర్ మారిపోతారు, ఒకరు మెచ్చుకున్న పద్ధతి ఇంకొకరికి అస్సలు నచ్చదు. అందుకే ఓరియెంటేషన్ అవగానే ఇంటర్నల్ మెడిసిన్ ఇమ్మని అడుగు. షుగరు, కిడ్నీ, హార్ట్ ఫెయిల్యూర్, న్యుమోనియా అన్నీ ఒకే మంచం మీద కనిపించేది అక్కడే, చార్ట్ ఎలా చదవాలో చెయ్యి తిరిగేది కూడా అక్కడే. తర్వాత ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ వస్తే మంచిది, ఎందుకంటే యాంటీబయాటిక్స్ గట్టిగా వస్తే ఐసీయూలో సగం భయం పోతుంది. ఐసీయూ మాత్రం మొదటి రొటేషన్‌గా వద్దు.

ఇంకోటి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. పీజీవై2 (ఒక స్పెషాలిటీలో రెండో ఏడాది) చెయ్యాలని ఉంటే, అదే హాస్పిటల్లో ఎర్లీ కమిట్‌మెంట్ (మ్యాచ్‌కి ముందే సీటు ఖాయం చేయడం) ఉందేమో ఇప్పుడే కనుక్కో, ఉంటే ఆ నిర్ణయాలు డిసెంబర్‌కి అటూ ఇటూ అయిపోతాయి. నీకు ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) ఇష్టం అనుకో, ఆ రొటేషన్ ఫిబ్రవరిలో పడితే నీ పని చూసి రికమెండేషన్ రాసేవాళ్ళు ఎవరుంటారు? కాబట్టి నీకు కావాల్సింది నవంబర్ లోపల వచ్చేలా పెట్టించుకో. లైసెన్స్ సంగతి కూడా మర్చిపోకు, రెసిడెన్సీ మొదలైన 120 రోజుల్లో రావాలి, జులై 1న చేరితే అక్టోబర్ ఆఖరు అన్నమాట, లైసెన్స్ పరీక్షలైన నాప్లెక్స్, లా పరీక్ష చేరకముందే రాసేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. రొటేషన్ చేస్తూ సాయంత్రం వచ్చి చదువుదాంలే అనుకుంటే కుదరదు, నేను చూశాను.

ఇక అసలు సంగతి. నా మొదటి రొటేషన్ ఇంటర్నల్ మెడిసినే. పొద్దున ఆరింటికల్లా వెళ్ళి పేషెంట్లందరి ల్యాబ్స్ చూసి, మందులు చూసి, కాగితం మీద అన్నీ రాసుకునేదాన్ని. ఒకాయనకి వాంకోమైసిన్, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్స్ రెండూ నడుస్తున్నాయి, కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ 0.9 ఉన్నది 1.5 అయింది. ఆ రెండూ కలిస్తే కిడ్నీ దెబ్బతినే అవకాశం ఎక్కువని నాకు తెలుసు, కల్చర్స్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ (వాంకో అవసరమయ్యే మొండి బ్యాక్టీరియా) రాలేదని కూడా చూశాను, వాంకో ఆపాలి అని కాగితం మీద రాసుకున్నాను కూడా. రౌండ్స్‌లో అటెండింగ్ (టీమ్‌లో పెద్ద డాక్టర్) మాట్లాడుతున్నారు, మెడికల్ రెసిడెంట్లు మాట్లాడుతున్నారు, పెద్ద డాక్టర్ గారు మాట్లాడుతుంటే మధ్యలో ఎలా, అడిగితే చెబుదాం అని నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. పక్క గదికి వెళ్ళిపోయారు. మర్నాటికి క్రియాటినిన్ 2.1.

మా ప్రిసెప్టర్ నా కాగితం తీసుకుని చూసి చాలాసేపు ఏమీ అనలేదు. ఆ నెల ఎవాల్యుయేషన్‌లో మందుల సలహా టీమ్‌కి చెప్పడం అనే గోల్ దగ్గర నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ పెట్టి, సమస్య కనిపెట్టింది, నోరు విప్పలేదు అని రాశారు. ఆ పేషెంట్ కోలుకుని ఇంటికెళ్ళారు గానీ ఆ రోజు నేను పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. మన చదువుల్లో పెద్దవాళ్ళ ముందు మాట్లాడకపోవడం మర్యాద, వార్డులో ఫార్మసీ పిల్లలు వెనక నిలబడి నోట్స్ రాసుకోవాలి అంతే. ఇక్కడ నువ్వు మాట్లాడకపోతే నీకు తెలియదని అనుకుంటారు, అది నీ ఒక్కదాని నష్టం అయితే పర్వాలేదు, పేషెంట్‌కి కూడా నష్టం.

అందుకే చెప్పేది పూర్తిగా చెప్పడం అలవాటు చేసుకో. "డోస్ కొంచెం చూడాలేమో" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఉదాహరణకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్న పెద్దావిడ, వయసు 83, బరువు 54 కిలోలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రెండు పూటలా రాశారు అనుకో. "వయసు 80 దాటింది, బరువు 60 లోపు, డోస్ తగ్గించే మూడు షరతుల్లో రెండు ఉన్నాయి కాబట్టి 2.5 రెండు పూటలా చేద్దాం, ఆర్డర్ నేను పెట్టి మీకు పంపనా?" ఇలా కారణం, డోస్, నువ్వు చేసే పని మూడూ ఒకేసారి రావాలి. తెలియనిది అడిగితే ఊహించి చెప్పొద్దు, చూసి మధ్యాహ్నం లోపు చెప్తానని చెప్పి ఆ టైంకి కచ్చితంగా చెప్పు. అలా ఒక నాలుగుసార్లు జరిగితే వాళ్ళే నీ కోసం వెతుక్కుంటూ వస్తారు.

మందుల పేర్లు కూడా నోటికి పట్టించుకో, తెలిసిన మందే పేరు తట్టక ఆగిపోతాం. మన పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, రిఫాంపిసిన్ రిఫాంపిన్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్. కోడ్ బ్లూలో (పేషెంట్ గుండె ఆగినప్పుడు పిలిచే ఎమర్జెన్సీ) నర్సు ఎపి అని అరిచినప్పుడు ఒక్క సెకను ఆలోచించే తీరిక ఉండదు. ఐసీయూకి వెళ్ళే ముందే క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందుల బండి) సొరుగులు తీసి ఎక్కడ ఏముందో చూసుకో, ఎపినెఫ్రిన్ 1 మిల్లీగ్రాము మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి, గుండె లయ కరెంట్ షాక్‌కి లొంగకపోతే అమియోడరోన్ 300 మిల్లీగ్రాములు, తర్వాత 150, ఇవి నిద్రలో లేపి అడిగినా రావాలి. మొదటి కోడ్‌లో టైం రాసే పని అడిగి తీసుకో, చెయ్యి వణికినా పని నేర్చుకుంటావు.

అంబులేటరీ కేర్ (ఔట్‌పేషెంట్ క్లినిక్) అంటే తేలిక అనుకోకు, నాకైతే మనసుకి దగ్గరైన రొటేషన్ అదే. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళ క్లినిక్‌లో ఒక పెద్దావిడకి ఐఎన్‌ఆర్ (ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే పరీక్ష) ఒక వారం పడిపోవడం ఇంకో వారం పెరిగిపోవడం, ఎవరికీ అర్థం కావట్లేదు. ఏం వండుకుంటారు అని మెల్లిగా అడిగితే, పెరట్లో తోటకూర కోతకొచ్చిన వారం రోజూ అదేనట, తర్వాత వారం అసలు లేదట. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది కదా. ఆకుకూర మానొద్దమ్మా, ప్రతివారం ఒకే లెక్కలో తినండి అని చెప్పాం, ఆ తర్వాత కుదురుకుంది. మన కూడు తెలిసినవాళ్ళకే ఆ ప్రశ్న తడుతుంది. కానీ ఒకటి, తెలుగు వచ్చు కదా అని హాస్పిటల్లో నువ్వే దుబాసీ పని చెయ్యకు, చాలా చోట్ల సర్టిఫైడ్ ఇంటర్‌ప్రెటర్ ఉండాలంటారు, ముందు పాలసీ అడుగు. వారాంతం మనవాళ్ళ ఇళ్ళల్లో కలిసినప్పుడు ఫలానా ఆంటీ మా హాస్పిటల్లో ఉన్నారని పొరపాటున కూడా అనొద్దు, ఉద్యోగమే పోతుంది.

స్టాఫింగ్ వీకెండ్లు (ఫార్మసీలో మామూలు డ్యూటీ చేసే వారాంతాలు), రీసెర్చ్ ప్రాజెక్టు ఏడాది పొడుగునా వెనకాలే వస్తుంటాయి. ప్రాజెక్టుకి ఐఆర్‌బీ (పరిశోధనల నైతిక కమిటీ) అనుమతి ఆగస్టులోనే మొదలుపెట్టు, అంతకంటే చెప్పేదేం లేదు. వారానికి 80 గంటల పరిమితి నాలుగు వారాల సగటు మీద లెక్క, దాటుతుంటే దాచుకోకుండా చెప్పు, మన పిల్లలు కష్టపడతాం కదా అని నోరు మూసుకుని చేసేస్తారు, అలసిపోయి ఆర్డర్ వెరిఫై చేస్తే తప్పు జరుగుతుంది.

షెడ్యూల్ చాలా చోట్ల చేరకముందే ఖాయం చేసేస్తారు, కాబట్టి ఈ వారమే మీ ప్రోగ్రాం డైరెక్టర్‌కి మెయిల్ పెట్టు. మొదట ఇంటర్నల్ మెడిసిన్, నవంబర్ లోపల నీ ఇష్టమైన ఎలెక్టివ్, ఈ రెండు మాత్రం అడుగు, మిగతాది వాళ్ళు ఎలా ఇస్తే అలా. రాసేముందు ఒకసారి నాకు పంపించు, చూసి పెడతా.