పెళ్లి ఫోటోల కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: ఇంకో ఐదు నెలల్లో మా పెళ్లి. ఖర్చంతా మేమిద్దరమే పెట్టుకుంటున్నాం. మాకు నచ్చిన ఫోటోగ్రాఫర్ చెప్పిన మొత్తంలో 65 శాతం మాత్రమే మా దగ్గర ఉంది. సగం అడ్వాన్స్ ఇవ్వండి, మిగతాది ఈఎంఐలో కట్టుకోవచ్చు అంటున్నారు ఆయన. ఇంకొకరు అందులో సగానికే చేస్తామంటున్నారు. 'మన బంధువుల అబ్బాయి దగ్గర మంచి కెమెరా ఉందిగా, వాడు తీస్తాడులే' అని ఇంట్లో మాట. అత్యవసర నిధిలోంచి తీయాలా, ఈఎంఐకి వెళ్లాలా, తక్కువకు చేసేవాళ్లను పెట్టుకోవాలా? – ఓ పాఠకురాలు

జవాబు: అత్యవసర నిధి జోలికి మాత్రం వెళ్లకండి. ఇద్దరూ కలిసి కాపురం మొదలుపెట్టే ఏడాదిలోనే అనుకోని ఖర్చులు ఎక్కువగా వస్తాయి, ఆ డబ్బు అప్పటికి ఉండాలి. ఇక మీ లెక్క చూస్తే, అప్పు కూడా అవసరం లేదనిపిస్తోంది. ఎలాగో చెబుతాను.

ఈఎంఐ సంగతి తేల్చేద్దాం. క్రెడిట్ కార్డు మీద నెలకు నూటికి మూడు చొప్పున వడ్డీ పడితే, 100 అప్పును ఏడాదిలో తీర్చేసరికి సుమారు 120న్నర కడతారు. ఏడాదికి 14 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ తీసుకుని రెండేళ్లలో తీర్చినా 115 దాటుతుంది. వడ్డీ లేని ఈఎంఐ అన్నారనుకోండి, 'మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు?' అని అడగండి. తగ్గిస్తామంటే ఆ తగ్గించేదే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో కూడా చూడండి.

ఇప్పుడు మీరు పంపిన రెండు కొటేషన్లు. మొదటివారిది 100 అనుకుంటే రెండోవారిది 50. కానీ ఈ రెండూ ఒకే పనికి వేసిన ధరలు కావు. మొదటిదాంట్లో ఆల్బమ్, రెండో ఫోటోగ్రాఫర్, ప్రయాణ ఖర్చులు కలిసి ఉన్నాయి. రెండోదాంట్లో ఇవన్నీ విడిగా, కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఆల్బమ్ 13, రెండో మనిషి 9, ప్రయాణం, బస కలిపి 5 వేసుకుంటే ఆ 50 కాస్తా 77 అయింది. మరోవైపు మొదటివారి 100లో ప్రీ వెడ్డింగ్ షూట్‌కి 12, డ్రోన్‌కి 7 ఉన్నాయి. ఆ రెండూ తీసేస్తే 81. సగానికి సగం అనుకున్న తేడా నాలుగు దగ్గర ఆగింది. కొటేషన్ తీసుకునేటప్పుడు ఎవరి ప్యాకేజీ వాళ్లను చెప్పనివ్వకుండా, మనకు కావాల్సిన పనుల పట్టీ మనమే రాసిచ్చి దానికి ధర వేయమంటే ఈ గందరగోళం ఉండదు.

ఆ 81 కూడా తగ్గుతుంది. పది గంటలు పెట్టుకున్నారు కదా, ఎనిమిది చాలు. పొద్దున తయారయ్యే మొదటి గంట, రాత్రి భోజనాలయ్యాక చివరి గంట వదిలేయండి. మీ కొటేషన్‌లో గంటల లెక్కన ఉన్న ధర ప్రకారం 9 తగ్గి 72 అవుతుంది. నేను గట్టిగా చెప్పదలిచింది ఇదే: డబ్బు చాలనప్పుడు గంటలు తగ్గించుకోండి, హంగులు తగ్గించుకోండి, మనిషి విషయంలో మాత్రం రాజీపడకండి. పెళ్లి ఒక్కసారే జరుగుతుంది, ఆ క్షణాన్ని మళ్లీ తీయమని అడగలేం. డ్రోన్ లేకపోయినా ఎవరూ బాధపడరు. అమ్మ మొహం మసకగా వస్తే జీవితాంతం గుర్తుంటుంది.

ఇది నా అనుభవంలోంచి చెబుతున్న మాట. మా పెళ్లికి ఎవరి పని చూసి ముచ్చటపడి బుక్ చేశామో ఆయన రాలేదు. అదే రోజు ఆయనకు ఇంకో పెళ్లి ఉందట, అసిస్టెంట్‌ను పంపారు. ఒప్పందంలో స్టూడియో పేరే తప్ప ఎవరు తీస్తారన్నది ఎక్కడా లేదు కాబట్టి మేం అడగగలిగిందీ లేదు. మా తాతయ్య ఉన్న ఒక్క గ్రూప్ ఫోటోలో ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. అలాంటి చోట వరుసగా నాలుగైదు తీసుకోవాలని ఆ అబ్బాయికి ఎవరూ నేర్పలేదు.

అందుకే మనిషిని ఎంచుకునేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ముప్పై ఫోటోలు చూసి తేల్చుకోవద్దు. అవి ముప్పై పెళ్లిళ్లలోంచి ఏరినవై ఉంటాయి. ఒకే పెళ్లి తాలూకు ఫోటోలన్నీ, ఆ కుటుంబానికి ఇచ్చినవి ఇచ్చినట్టు, చూపించమనండి. రెండు పెళ్లిళ్లవి చూడగలిగితే ఇంకా మంచిది, వాటిలో ఒకటి హాల్లో, తక్కువ వెలుతురులో జరిగినదై ఉండాలి. ఎండలో ఎవరు తీసినా బాగానే వస్తాయి, పనితనం తెలిసేది మసక వెలుతురులోనే. పెద్దవాళ్ల మొహాలు, ఒంటి రంగు, గ్రూప్ ఫోటోల్లో చివర నిలబడ్డవాళ్లు ఎలా వచ్చారో చూడండి. ఆ తర్వాత పాత కస్టమర్లు ఇద్దరితో మాట్లాడండి. 'బాగా తీశారా?' అంటే అందరూ అవుననే అంటారు. 'ఆల్బమ్ ఎప్పటికిస్తామన్నారు, ఎప్పుడిచ్చారు?' అని అడగండి.

బంధువుల అబ్బాయి కెమెరా గురించి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటోను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 20 అంగుళాల వెడల్పున ప్రింట్ చేసుకోవచ్చు, ఆల్బమ్‌కి అది చాలు. కాబట్టి 'మా దగ్గర ఇన్ని మెగాపిక్సెల్స్' అని ఎవరన్నా చెప్పినా దానికోసం అదనంగా డబ్బు ఇవ్వక్కర్లేదు. తేడా లెన్స్ దగ్గర వస్తుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే తరచూ ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). ఎఫ్/2.8 లెన్స్ దానికి నాలుగు రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. ఇంకా ముఖ్యం, రెండో కెమెరా, రెండో ఫ్లాష్, రెండు మెమరీ కార్డుల మీద ఒకేసారి రికార్డయ్యే ఏర్పాటు. ఇవి ఆ అబ్బాయి దగ్గర ఉండవు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. పైగా తను కూడా మీ పెళ్లికి వచ్చిన చుట్టమే. మనం వదిలేసిన ఆ రెండు గంటలు తనకు అప్పగించండి. పొద్దున ఇంట్లో సందడి, రాత్రి స్నేహితుల అల్లరి తను సరదాగా తీస్తాడు. ఏమైనా తేడా వచ్చినా ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇక చెల్లింపులు. సగం అడ్వాన్స్‌కి ఒప్పుకోకండి. బుకింగ్ అప్పుడు 25 శాతం, పెళ్లి రోజుకి 50 శాతం, ఫోటోలు, ఆల్బమ్ చేతికొచ్చాక మిగతా 25 శాతం అని అడగండి. చాలామంది బేరానికి ఒప్పుకుంటారు. ఆఖరి వాయిదా ఆయన చేతికి అందాల్సి ఉంటే మీ ఆల్బమ్ మూలన పడి ఉండదు. మీ లెక్కలో చూడండి: 72లో పెళ్లి రోజుకి కట్టాల్సింది 54. మీ దగ్గర 65 ఉంది. పెళ్లయ్యాక ఆల్బమ్‌కి రెండు నెలలు అడిగారన్నారు, అప్పటికి ఇంకో 18 కావాలి. 11 మిగిలే ఉంటుంది కాబట్టి ఇప్పట్నుంచి ఏడు నెలల్లో మీరు పోగుచేయాల్సింది 7. నెలకు ఒక్క వంతు. దీనికి అప్పు ఎందుకు?

ఆయన సగం కావాల్సిందే అంటే, మిగతాదంతా నచ్చితే ఇవ్వొచ్చు. నగదుగా ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. కానీ ఒప్పందం సంతకం కాకముందు ఏమీ పంపకండి.

ఒప్పందంలో ఏం ఉండాలో కాస్త వివరంగా చెప్పాలి, చాలామంది నష్టపోయేది ఇక్కడే. ఫోటోలు తీసే మనిషి పేరు ఉండాలి. ఆయనకు ఒంట్లో బాగోకపోతే ఎవరు వస్తారు, ఆ వచ్చేవాళ్లు మీకు నచ్చకపోతే డబ్బు వాపసు ఎంత? ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, దాటితే గంటకు ఎంత? ఒక పెళ్లిలో వేలల్లో ఫోటోలు తీస్తారు, అవన్నీ ఎడిట్ చేయరు. కాబట్టి ఎడిట్ చేసినవి కనీసం ఎన్ని ఇస్తారో, పూర్తి సైజులో ఇస్తారో లేదో అంకెలతో రాయించండి. 'కావాల్సినన్ని' అనే మాట ఒప్పుకోవద్దు. ఆల్బమ్ పేజీలెన్ని, ఇచ్చే తేదీ ఏది, ఆలస్యమైతే ఏం చేస్తారు? మీరు పెళ్లి తేదీ మార్చుకోవాల్సి వస్తే అడ్వాన్స్ కొత్త తేదీకి చెల్లుతుందా? పన్నులు ధరలో కలిసి ఉన్నాయా? కాపీరైట్ ఎవరిదన్నది దేశాన్ని బట్టి మారుతుంది, అందుకే మీరు ఎన్ని కాపీలైనా ప్రింట్ చేసుకోవచ్చని, మిమ్మల్ని అడక్కుండా మీ ఫోటోలు ప్రకటనలకు వాడకూడదని రాయించుకోండి.

ఫోటోలు అందాక ఇంకో చిన్న ఖర్చుంది, దాన్ని బడ్జెట్‌లో ఇప్పుడే వేసుకోండి: ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. మీ కంప్యూటర్లో ఒక కాపీ, డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో అమ్మానాన్నల ఇంట్లోనో ఒకటి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. స్టూడియోవాళ్ల దగ్గర ఎప్పటికీ ఉంటాయనుకోకండి, కొంతకాలానికి వాళ్లు తుడిచేస్తారు.

ఈ వారంలోనే మొదటాయనకు రాయండి: ప్రీ వెడ్డింగ్ షూట్, డ్రోన్ లేకుండా, ఎనిమిది గంటలకు, మీరే వచ్చి తీసేట్టు, మూడు వాయిదాల్లో. తనే వస్తానని కాగితం మీద పెట్టడానికి ఆయన ఇష్టపడకపోతే, పని ఎంత నచ్చినా వదిలేసి ఇదే ఉత్తరం రెండోవారికి పంపండి, వాళ్లు తీసిన ఒక పూర్తి పెళ్లి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.