ముందు ట్రాన్‌స్క్రిప్ట్ తియ్యి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

జడ్జి జ్యూరీకి ఇచ్చిన ఇన్‌స్ట్రక్షన్లలో, అంటే చట్టం ఏమిటో వివరించే సూచనల్లో, తప్పు దొరికిందని ఎంత సంబరంగా రాశావో! నీ మొదటి అప్పీలు కదా. అయితే బ్రీఫ్ (అప్పీలు కోర్టుకిచ్చే రాతపూర్వక వాదన) మొదలుపెట్టే ముందు, ట్రయల్‌లో అన్న ప్రతి మాటా ఉండే ట్రాన్‌స్క్రిప్ట్ తియ్యి. జ్యూరీ చర్చలకు లోపలికి వెళ్లకముందే ట్రయల్ లాయరు అభ్యంతరం చెప్పాడా, కారణం చూపించాడా? అమెరికా ఫెడరల్ కోర్టుల క్రిమినల్ రూల్ 30 అడిగేది అదే. ఊరికే "అబ్జెక్షన్" అంటే చాలదు.

చెప్పకపోతే నీకు మిగిలేది ప్లెయిన్ ఎర్రర్, అంటే అప్పుడు అభ్యంతరం చెప్పకపోయినా అప్పీలు కోర్టు సరిదిద్దగల తప్పు. 1993 నాటి సుప్రీంకోర్టు ఒలానో తీర్పు ప్రకారం తప్పు ఉందని, అది స్పష్టమైనదని, దానివల్ల క్లయింటుకు నష్టం జరిగిందని నువ్వే చూపించాలి. అవన్నీ చూపినా, న్యాయప్రక్రియ మీద నమ్మకమే దెబ్బతింటుందనుకుంటేనే కోర్టు కల్పించుకుంటుంది. ఆ ఇన్‌స్ట్రక్షన్ కావాలని మన లాయరే అడిగి ఉంటే మాత్రం దాదాపు ఆశ వదులుకోవాల్సిందే.

అభ్యంతరం ఉంటే, తప్పు వల్ల తీర్పు మారలేదని చూపే బరువు ప్రభుత్వానిది. అక్కడా తొందరపడకు. 1999లో నీడర్ కేసులో జ్యూరీ తేల్చాల్సిన ఒక అంశాన్ని జడ్జే తేల్చేశాడు. అయినా పన్ను నేరాల శిక్ష నిలబడింది. నీడర్ యాభై లక్షల డాలర్లకు పైగా ఆదాయం దాచాడు, ఆ అంశం మీద అతను పోట్లాడనే లేదు. 'రీజనబుల్ డౌట్' (సహేతుకమైన అనుమానం) అర్థాన్నే తప్పుగా చెబితే లెక్క వేరు. సలివన్ కేసులో అలాంటి తప్పుకు నష్టం జరిగిందా అని చూడకుండానే శిక్ష రద్దయింది.

కాగితాలు నాశనం చేయించిందన్న ఆరోపణ మీద ఆర్థర్ ఆండర్సన్ అనే ఆడిటింగ్ సంస్థకు వచ్చిన తీర్పు మాత్రం నిదానంగా చదువు. చేస్తున్నది చట్టబద్ధమేనని సంస్థ నిజాయితీగా నమ్మినా దోషిగా తేల్చవచ్చని జ్యూరీకి చెప్పారు. నేరానికి కావాల్సిన ఉద్దేశాన్ని వివరించే చోట "డిస్ఆనెస్ట్లీ" (నిజాయితీ లేకుండా) అనే మాటను తీసేశారు. కాగితాలు చింపిన మాట నిజం, పోరాటమంతా ఏ ఉద్దేశంతో అన్నదాని మీదే. తప్పు సరిగ్గా అక్కడే పడింది. 2005లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా శిక్ష కొట్టేసింది. నీ కేసులోనూ అదే చూడాలమ్మా, ట్రయల్‌లో గొడవ దేని మీద జరిగింది, తప్పు ఎక్కడ పడింది అని.

ఒక్క వాక్యం పట్టుకుని వాదిస్తే ఇన్‌స్ట్రక్షన్లన్నీ కలిపి చదవమంటారు జడ్జీలు. ప్రాసిక్యూటర్ తన ముగింపు వాదనలో ఆ తప్పు వాక్యాన్ని వాడుకున్నాడేమో, జ్యూరీ దాని గురించే చీటీ రాసి జడ్జిని అడిగిందేమో వెతుకు. జైల్లో ఉన్న మనిషికి ఆ పేజీలే దిక్కు. దొరికితే రాత్రయినా సరే, ఫోన్ చెయ్యి.

మామయ్య