ఉప్పునీటి కొలనులో పీహెచ్ ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: మా ఈతకొలనులో ఆమ్లం పోసిన కొద్ది రోజులకే పీహెచ్ మళ్లీ 8 దాటుతోంది. ఉప్పు ఎక్కువైందా?

జవాబు: ఉప్పును అనుమానించనక్కరలేదు. ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రంలో, ఉప్పునీటి గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు క్లోరిన్‌తోపాటు హైడ్రోజన్ బుడగలు కూడా పుడతాయి. అవి నీటిని కదిలించి, అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి తరిమేయడం వల్లనే పీహెచ్ ముఖ్యంగా పెరుగుతుంది. క్షారత (అంటే ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బొనేట్ వంటి లవణాల మోతాదు) ఎక్కువగా ఉన్న నీటిలో ఈ వాయువు మరింతగా వెలువడుతుంది కనుక, ముందుగా మొత్తం క్షారతను పరీక్షించండి. అది లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటితే, ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వాడుతూ 60-80కి దించండి. చాలామంది విస్మరించే అసలు కీలకం ఇదే.

తర్వాత క్లోరిన్ యంత్రం పనిచేసే సమయాన్ని తగ్గించండి. ఎండకు క్లోరిన్ త్వరగా నశించకుండా సయాన్యూరిక్ ఆమ్లం కాపాడుతుంది కాబట్టి, దాన్ని తయారీదారు చెప్పిన మోతాదులో ఉంచితే తక్కువ ఉత్పత్తితోనే సరిపోతుంది.

ఈ సమస్యను ఉపేక్షించకండి. పీహెచ్ 7.5 దగ్గర దాదాపు సగం క్లోరిన్ క్రిములను చంపే చురుకైన రూపంలో ఉంటే, 8 దగ్గర అది సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా యంత్రంలో విద్యుత్తు ప్రవహించే పలకలైన ఎలక్ట్రోడ్లపై సున్నపు పొర పేరుకుంటుంది.

ఆమ్లాన్ని పంపు నడుస్తుండగానే, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి నీటిలో పోయాలి. దాన్ని క్లోరిన్ పొడులతో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వెలువడుతుంది.