అలాగే, చూద్దాం

సందేహం: గుంటూరులో మా మామయ్యకు మిర్చి కమీషన్ కొట్టు ఉంది. ఒక కొనుగోలుదారు ఆయనకు వాట్సాప్‌లో “తేజ 40 టిక్కీలు, మొన్న అనుకున్న ధరకే, శుక్రవారం లోడు. ఖాయమేనా?” అని పెట్టాడు. (తేజ అంటే ఒక మిర్చి రకం, టిక్కీ అంటే మిర్చి బస్తా.) మామయ్య “అలాగే, చూద్దాం” అని రాసి, పక్కన బొటనవేలు బొమ్మ కూడా పెట్టాడు. గురువారం ధర పెరిగింది. ఇప్పుడు సరుకు ఇవ్వనంటే “ఒప్పుకున్నారుగా, ఒప్పందం అయిపోయింది” అంటున్నాడు ఆయన. లా చదువుతున్న మా చెల్లెలేమో అగ్రిమెంటు వేరు, కాంట్రాక్టు వేరు అంటోంది. తెలుగులో రెండింటికీ ఒప్పందమేనా? “అలాగే, చూద్దాం” అంటే ఒప్పుకున్నట్టా, కాదా? – ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీ చెల్లెలి మాట నిజం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం రెండో సెక్షన్‌లోనే ఈ తేడా ఉంది. ఒకరి మాటకు మరొకరి మాట ప్రతిఫలంగా కుదిరితే అగ్రిమెంటు. దాన్ని చట్టం అమలు చేయించగలిగితే కాంట్రాక్టు. పందెం కాయడం కూడా అగ్రిమెంటే, కానీ 30వ సెక్షన్ ప్రకారం చెల్లదు. సంక్రాంతి బరిలో కోడి మీద లక్ష కాసి ఎగ్గొట్టినవాడి మీద దావా వేసి గెలవలేకపోయేది అందుకే.

చిక్కేమిటంటే, ఈ రెండు ఇంగ్లిషు మాటలూ మన వీధుల్లోకి వచ్చేసరికి తారుమారయ్యాయి. విజయవాడలో ఇల్లు కొనేవాణ్ణి “అగ్రిమెంటు అయిందా?” అని అడిగితే, స్టాంపు కాగితం మీద రాత, సంతకాలు, సాక్షులు అన్నీ అయ్యాయా అని అర్థం. నోటితో అనుకున్నదాన్ని ఎవరూ అగ్రిమెంటు అనరు, “మాటయింది” అంటారు. కాంట్రాక్టు అంటే రోడ్డు పనో, కాలవ పనో. కాంట్రాక్టు ఉద్యోగం అంటే ఎప్పుడు ఊడుతుందో తెలియని ఉద్యోగం. చట్టంలో గట్టిది కాంట్రాక్టు, మన నోట్లో గట్టిది అగ్రిమెంటు. లా విద్యార్థులు మొదటి ఏడాది తడబడితే తప్పు వాళ్ళది కాదు.

తెలుగులో ఏమనాలి అంటే, అగ్రిమెంటును ఒప్పందం అనండి. కాంట్రాక్టును కాంట్రాక్టు అనే ఉంచండి, లేదా “కోర్టులో నిలబడే ఒప్పందం” అనండి. “ఆ కాగితం కోర్టులో నిలబడదండీ” అని దస్తావేజులు రాసేవాళ్ళు రోజూ అంటూనే ఉంటారు. ఇంత మంచి మాట చేతిలో ఉండగా ‘విధిబద్ధ సంవిద’ లాంటివి పుట్టించడం ఎందుకో నాకు అర్థం కాదు. ఒడంబడిక కూడా మంచి తెలుగు మాటే, తమిళంలో ఉడన్‌పడిక్కై దానికి తోబుట్టువు. కానీ అది ఇప్పుడు దేశాల మధ్య రాతలకు స్థిరపడింది, మిర్చి టిక్కీలకు బరువెక్కువ. పత్రికలు ఎంఓయూను ‘అవగాహన ఒప్పందం’ అంటాయి. అందులో చాలావాటికి కోర్టులో నిలబడే ఉద్దేశమే ఉండదు కాబట్టి, కాంట్రాక్టు అనకుండా ఒప్పందం అని ఆగడం ఒక విధంగా సరైన పనే.

ప్రతిఫలం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆ మధ్య బెజవాడలో నేను అద్దెకు దిగినప్పుడు ఇంటి ఓనరు ఫోన్‌లోనే తెలుగు చేయించిన అగ్రిమెంటు ఇచ్చాడు. అందులో “నెలకు 14 వేల రూపాయల పరిగణనతో” అని ఉంది. నన్ను పరిగణిస్తున్నందుకు డబ్బు కట్టాలేమో అనుకున్నాను! ఇంగ్లిషులో ‘కన్సిడరేషన్’ అని ఉన్నచోట దస్తావేజుల్లో ఎప్పటినుంచో ప్రతిఫలం అనే రాస్తున్నారు. అది చట్టానికి అతికినట్టు సరిపోయింది. సరిపోనిది వాగ్దానం. ‘ప్రామిస్‌’కు ఆ మాటే వాడుతున్నారు, కానీ వాగ్దానం అంటే వాక్కును దానం చేయడం. చట్టమేమో దానాన్ని పట్టించుకోదు. ప్రతిఫలం లేని మాట, 25వ సెక్షన్‌లో చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, చెల్లదు. ఎన్నికల వాగ్దానాలకు మాత్రం ఈ పేరు భలే కుదిరింది.

ఇక మీ అసలు ప్రశ్న. ‘సరే’, ‘అలాగే’ రెండూ ఒప్పుకోలు మాటలే. కానీ తెలుగువాడి ఒప్పుకోలు మొదటి మాటతో తేలదు, దాని తోకతో తేలుతుంది. ‘సరే’ ఒప్పుకోలు, ‘సరేలే’ విసుగు. ‘అలాగే’ అంటే అంగీకారం, ‘అలాగలాగే’ అంటే ముందు నువ్వు వెళ్ళిరా అని. ‘చూస్తాను’ అంటే కనీసం ఒక మనిషి బాధ్యత తీసుకున్నట్టు. ‘చూద్దాం’లో ‘మనం’ ఉంది కాబట్టి బాధ్యత ఇద్దరి మీదా పడి ఎవరి మీదా నిలవదు. పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చి ‘చూద్దాం’ అన్నవాళ్ళు సంబంధం ఖాయం చేశారని ఎవరైనా అనుకుంటారా? కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షన్, అంగీకారం పూర్తిగా, మెలిక లేకుండా ఉండాలంటుంది. మీ మామయ్య రాసిన రెండు మాటల్లో మొదటిది ఒప్పుకుంది, రెండోది వెనక్కి లాగింది. మాటల వరకే తీర్పు చెప్పమంటే, ఒప్పుకోలేదనే అంటాను.

కానీ బొటనవేలు ఒకటి ఉందే! 2023లో కెనడాలో, సస్కాచ్వాన్ రాష్ట్రంలో, అచ్చంగా ఇదే తగవు కోర్టుకెక్కింది. అక్కడ సరుకు అవిసె గింజలు. కొనేవాళ్ళు కాంట్రాక్టు కాగితం ఫొటో తీసి పంపి, ఖాయం చేయమన్నారు. రైతు బొటనవేలు బొమ్మ పెట్టాడు. తర్వాత ధర పెరిగింది, సరుకు రాలేదు. కాగితం అందిందని చెప్పడానికే బొమ్మ పెట్టానన్నాడు రైతు. మన భాషలో చెప్పాలంటే, అది కథకు ఊఁ కొట్టడం లాంటిదని అతని వాదన. ఊఁ కొట్టడమంటే వింటున్నానని తప్ప ఒప్పుకున్నానని కాదు. కోర్టు ఆ వాదన వినలేదు. అంతకుముందు అతను ఇలాంటి కాగితాలకే ‘ఓకే’, ‘బాగుంది’ అని పొడిపొడిగా జవాబిచ్చి, ప్రతిసారీ సరుకు పంపాడు. ఆ అలవాటును బట్టి చూస్తే బొమ్మ కూడా సంతకమేనని తేల్చి, 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. 2024లో అప్పీలు కోర్టు కూడా అదే నిలబెట్టింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. అయితే వాట్సాప్‌లో కుదిరిందని కొట్టిపారేయడానికీ లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన కాంట్రాక్టు చెల్లకుండా పోదని, 2008 సవరణతో సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో చేరిన 10ఎ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి మీ మామయ్య ఫోన్‌లో పాత మెసేజీలు తిరగేయండి. పోయిన ఏడాది కూడా ‘అలాగే, చూద్దాం’ అని రాసే టిక్కీలు పంపుతూ వచ్చారా? అదే నిజమైతే నేను పైన చెప్పిన తోకల వ్యాకరణం అంతగా ఆదుకోదు. ఇద్దరి మధ్యా ఆ మాటకు నిఘంటువులో లేని అర్థం ఒకటి స్థిరపడిపోయినట్టే.

క్రియ తోక ఎంత పని చేస్తుందో చట్టంలోనే చూడండి. స్థలం అమ్ముతానని అగ్రిమెంటు రాసిచ్చి, ధర పెరిగాక రిజిస్ట్రేషన్‌కు రానివాళ్ళు గుంటూరు, విజయవాడల్లో కొల్లలు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం పదో సెక్షన్, అలాంటప్పుడు కోర్టు తన విచక్షణ మేరకు ఒప్పందాన్ని అమలు ‘చేయించవచ్చు’ అనేది. 2018 సవరణతో, కొన్ని మినహాయింపులకు లోబడి, ‘చేయించాలి’ అయింది. ‘వచ్చు’ పోయి ‘ఆలి’ వచ్చింది, అంతే. ఆ కాస్త మార్పుతో అమ్మేవాడికి టెన్షన్, కొనేవాడికి ధీమా.

బయానా ఏమైనా పుచ్చుకున్నారా? మీరు రాయలేదు. దీనికి పాత తెలుగులో సంచకారం అని చక్కని మాట ఉంది. సంస్కృత సత్యంకారం నుంచి వచ్చింది, అంటే మాటను సత్యం చేసేది. కన్నడంలోనూ ఉంది, తమిళంలో అచ్చారం అయింది. ఇప్పటి చట్టానికి బయానా తప్పనిసరి కాదు. అయినా రూపాయి చేతులు మారితే ‘చూద్దాం’ అన్న మాటకు విలువ ఉండదు.

ఒకటి మాత్రం నన్ను ఆపింది. పైన ఇవ్వలేదు గాని, మీ ఉత్తరం చివర, ప్రశ్నతో సంబంధం లేనట్టుగా ఒక వాక్యం రాశారు: “బుధవారం పొద్దున్నే ముఠా వాళ్ళను (హమాలీలను) పిలిచి 40 టిక్కీలు పక్కకు తీయించి, శుక్రవారానికి లారీ కూడా చెప్పాం” అని. కాంట్రాక్టు చట్టం ఎనిమిదో సెక్షన్‌లో, అడిగిన పని చేయడం కూడా అంగీకారమే అవుతుందని ఉంది. టిక్కీలు పక్కకు తీసినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు గాని, అవతలి వకీలు ముందుగా పట్టుకునేది దాన్నే. మీ వకీలుగారికి కూడా ముందు ఆ సంగతి చెప్పండి. ‘చూద్దాం’ సంగతి తర్వాత.